పదకొండు సెకండ్లు

కొత్తచెరువు పక్క చీనీ బత్తాయిల తోట. పొడుగాటి నీళ్ల తొట్టి దగ్గర ప్రశాంతి, వాళ్ల నాయన ఆదెన్న.

"మళ్లా పదకొండు సెకండ్లు!"

"చెక్క పడవే కదమ్మా. దానికేమన్నా బస్సు తప్పిపోతాందా?"

"మొన్న ఇదే రాయి గిలక మీంచి తాడుతో పడవకు కట్టి వదిలితే తొమ్మిదికే ఆ కొసకు పోయింది నాయనా. అదే పడవ, అదే రాయి. ఈ పొద్దు నీళ్లు ఎక్కువ అడ్డం పడతాండాయి."

"రెండు సెకండ్లకే ఓడ మునుగుతాదా?"

"ఇది ఓడలో ఇరవై ఐదో వంతు. నీళ్లు దీన్ని ఎంత ఆపుతాయో చూసి, పెద్దదాన్ని ఎంత ఆపుతాయో చెప్పాల. నువ్వు ఒక్క శెనక్కాయ చెట్టు పీకి, కాయలెంచి, ఎకరాకు ఇన్ని మూటలంటావే, అట్ల."

"అట్లయితే ఇరవై ఐదుతో గుణించు. అయిపాయ."

"కాదు. అలలు లేపేదానికి ఒక లెక్క, పడవ అడుగు నీళ్లకు రాసుకునేదానికి ఇంకో లెక్క. ఈడ పిసరంత తప్పితే ఆడ ఇంజనే చాలదు. రేపు వైజాగులో సార్లకు సరైన లెక్క చూపిస్తేనే నాకు ఓడలు కట్టే చదువులో సీటు."

"నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా?"

"ఎప్పుడు కుదిరింది? పైపు పక్క చెట్టే పీకుతావు."

"ఎండినదాన్ని పీకి ఏడ్చమంటావా?"

"సరే గానీ, తొట్టి లోపల సున్నమెందుకు కొట్టినావు?"

"అందం."

"నీళ్లు తాగే ఎనుములు మెచ్చుకోవాలనా? నీళ్లమట్టానికి నేను గీసిన గీత ఇంత వంకర లేదు నాయనా."

"ఎండకు వంగింటాది."

"నీళ్లు తగ్గితే పడవ కింద సందు తగ్గుతాది. అలలు పెరుగుతాయి, పడవ పోలేదు. నువ్వు నీళ్లు తీసి, సున్నంతో నా గీత చెరిపి, కిందికి దించినావు."

"పడవ చెప్పిందా?"

"చెప్పింది. ఎంత తీసినావు?"

"జానెడు... జానెడున్నర."

"మన చెట్లు అట్లే వాడిపోయి ఉండాయే! ఆ నీళ్లు యాడికి పోయినాయి?"

"ఆ పక్కకు."

"చౌడప్ప చిన్నాయన తోటకా? ఆరేండ్లుగా మాటల్లేవు! తమ్ముడైనా సరే, చచ్చినా వాని మొగం చూడనంటివే!"

"మొగం యాడ చూసినా? వాని బోరు ఎండిపోయింది. రాత్రి దాంట్లోకి పైపు వదిలినా, వచ్చేసినా."

"పడవకింకా రెండు పరుగులుండాయి నాయనా! మొన్నటంత నీళ్లు ఇప్పుడే కావాల. మన బోరు గ్లాసెడు పోయదు. యాడనుంచి తెస్తావు?"

"దానికి ఇబ్బంది లేదు. పొద్దున్నే చౌడప్ప వచ్చినాడు."

"వచ్చి? మాట్లాడినాడా?"

"మాట్లాడినాడు. నా చేతిలో బోరుకు కొట్టిన టెంకాయ చిప్ప పెట్టి, 'నా బోరుకు మళ్లా ఊటొచ్చింది, పాప తొట్టికి ఎన్ని నీళ్లు కావాలన్నా పట్టుకో అన్నా' అన్నాడు."