నీ పేరు పక్కన పచ్చ చుక్క

ఏంటే పొట్టీ, చూసి కూడా రిప్లై ఇవ్వవు? పొద్దున్నుంచి పదకొండు మెసేజ్‌లు పెట్టా. క్లాసులో నా పక్కన బెంచీ ఖాళీ. నువ్వేమో ఆ చివరికెళ్ళి గోడకి అతుక్కుని కూర్చున్నావ్. అందరూ నన్నే చూశారు తెలుసా!

సరే. మన లంబూగాడు చెప్పాడులే. నిన్న నోట్సు కోసం వాళ్ళింటికెళ్ళావట. వాడు గేమ్ ఆడుతుంటే టీవీలోంచి నా నవ్వు వినిపించిందట. నోట్సు కూడా తీసుకోకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయావట.

అవునే. నా దగ్గర తెల్లపెట్టె ఉంది. అదే, మనవాళ్ళందరూ ఇప్పుడు ఆడే గేమ్ కన్సోల్. అయితే ఏంటి, ఉరి తీస్తావా?

ఆగాగు, బ్లాక్ చెయ్యకు. నాది నోటిదూల, తెలుసుగా.

తెల్లపెట్టె వద్దు, నల్లపెట్టె కొందామన్నది నేనే, ఒప్పుకుంటున్నా. చిప్పు ఇంత, స్పీడు అంత అని ఇంటర్వెల్ మొత్తం ఉపన్యాసం దంచా. పెట్టెలో దమ్ముంటే గేమ్స్ వాటంతటవే నడుచుకుంటూ వస్తాయన్నా. నా మొహం! ఆరుగురం ఒకే రకం పెట్టె కొనాలి, తలో రెండు డిస్కులు తెచ్చి మార్చుకోవాలని రూలు పెట్టింది కూడా నేనే. దాని కోసం నువ్వు సైకిలే అమ్మేశావ్. అప్పట్నుంచి స్కూలుకి నడకే.

మరి వచ్చాయా గేమ్స్? షాపులో తెల్లపెట్టెకి గోడ నిండా డిస్కులు. మనకి ఒక్క అర, అందులో సగం పాతవే. షాపు అంకుల్ ఏమన్నాడు? "పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు తల్లీ. గేమ్స్ లేవని జనం కొనరు, జనం లేరని గేమ్స్ చేసేవాళ్ళు చెయ్యరు." నువ్వు పడీ పడీ నవ్వావ్. నేను మాత్రం ఆ తెల్లపెట్టె గోడ వైపే చూస్తున్నా.

ఆ తర్వాత ఫుట్‌బాల్ గేమ్ ఒక్క తెల్లపెట్టెకే వచ్చింది. ఒక్కొక్కళ్ళూ జారుకున్నారు. ఇద్దరం మిగిలాం, నాలుగు డిస్కులతో. "నువ్వున్నావుగా, చాలు" అన్నావ్. ఎందుకన్నావే ఆ మాట?

ఏంటి? ఎప్పట్నుంచా?

హమ్మయ్య, ఒక్క ముక్కయినా టైప్ చేశావ్. చెప్తా.

రోజూ సాయంత్రం ఆరింటికి నీ నల్లపెట్టె లిస్టులో నా పేరు పక్కన పచ్చ చుక్క వెలిగేది కదా. ఆడదామా అని నువ్వు పిలిస్తే, "హోంవర్కే, ఊరికే ఆన్ చేసి పెట్టా" అనేదాన్ని. "పర్లేదులే, ఉన్నట్టు కనిపిస్తే చాలు" అని నువ్వొక్కదానివే ఆడుకునేదానివి.

నల్లపెట్టె ఆన్ చేసి వదిలేసి, పక్క గదిలో తెల్లపెట్టె మీద ఆడేదాన్నే. నీకు చుక్క కనబడాలని! అమ్మ కుట్టుమిషన్ ఆపి మరీ అరిచేది, "ఎవరూ ఆడని పెట్టె అలా హోరెత్తిపోతోందేంటే" అని.

ఇంకోటి...

అందరికంటే ముందు తెల్లపెట్టెకి మారింది లంబూగాడని అప్పట్లో నీకు చెప్పా కదా. వాడు కాదు. పుట్టినరోజుకి ఏం కావాలే అని మామయ్య అడిగితే తెల్లపెట్టె అన్నా. ఆ ఫుట్‌బాల్ గేమ్ రాకముందే. అందరికంటే ముందు పోయింది నేనే. నన్ను చూశాకే వాళ్ళూ మారారు. నీకొక్కదానికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. సైకిల్ అమ్మించినదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పనే?

తిట్టవే. ఏదో ఒకటి అనవే.

నెలాఖరుకి నల్లపెట్టె ఆన్‌లైన్ మూసేస్తున్నారట, ఆడేవాళ్ళు లేరని. ఇప్పుడే నాది ఆన్ చేశా. నిజంగా ఆడదామనే. లిస్టులో ఐదు పేర్లు. నాలుగు ఆరిపోయి ఉన్నాయి. నీ పేరు పక్కన పచ్చ చుక్క.

పిలిచా. మూడు సార్లు.

నువ్వు దాని ముందే కూర్చున్నావా? లేక నాలాగే ఆన్ చేసి వదిలేశావా?

సర్లే. వెలగనీ.