పాకాల పెండ్లికి పదహారు కోర్లు

తిరుచానూరు రోడ్డులో మస్తాన్ వలి టీ బంకుకు ఆనుకుని ఢిల్లీబాబు కంప్యూటర్ల అంగడి ఉంది. పేరులో ఢిల్లీ ఉందిగానీ మనిషి రేణిగుంట దాటి ఉత్తరానికి పోయింది లేదు. చేతిలో మంచి పని ఉన్నవాడే. చచ్చిపోయిందనుకున్న కంప్యూటర్‌ను బల్ల మీద పరిచి, వంగి వాసన చూసి, ఏది కాలిందో చెప్పేవాడు. చిక్కల్లా ఆ పని గురించి నోటితో చెప్పేటప్పుడే వచ్చేది. బాగుచేసింది ఒకటైతే చెప్పేటప్పటికి పదయ్యేవి. సాయంత్రం నాలుగైతే చాలు, పక్క లాడ్జీ గుమాస్తా ధనంజయ మొదలుకొని నలుగురైదుగురు బంకు బల్లల మీద చేరిపోయేవాళ్లు. అతను కోతలు కోస్తాడని వాళ్లకు తెలుసు. ఆ కోతల వల్ల ఎవరికీ నష్టం లేదనీ తెలుసు.

ఆ రోజు మాత్రం ఒకరికి నష్టం జరిగే వీలుంది. ఆ ఒకరు భానుశ్రీ.

ఇండ్లూ లాడ్జీలూ కట్టకముందే అవి ఎలా ఉండబోతాయో కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు చేసిచ్చే పని ఆమెది. గోడ మీద పడే ఎండతో సహా చూపిస్తుంది. అలివేలు మంగాపురం దారిలో కొత్తగా లేస్తున్న లాడ్జీకి నలభై గదుల బొమ్మలు చేసే పని ఆమెకు వచ్చింది. నెలాఖరులోగా ఇవ్వాలి. ఇస్తే ఇంకో రెండు లాడ్జీలు ఆమె చేతికొస్తాయి. పాత కంప్యూటర్ ఒక్క బొమ్మకే సగం దినం మింగుతోంది. ఇంకో సంగతి కూడా ఉంది. పని ముగిశాక ఒక గంట కార్ల పందెం ఆట ఆడకపోతే భానుశ్రీకి అన్నం సయించదు. ఆన్‌లైన్ పందేల్లో ఆమె పేరు చెబితే పక్కకు తప్పుకునేవాళ్లున్నారు.

కొత్త కంప్యూటర్‌కు అన్నీ కుదిరాయి, దానికి మెదడులాంటి ప్రాసెసర్ దగ్గర ఆగింది. లోపల ఎనిమిది కోర్లు, అంటే పని చేసే చేతులు, ఉన్నదొకటి, ఆటలకు దాన్ని మించింది లేదంటున్నారు. పదహారు కోర్లదింకొకటి, పనికి దాన్ని మించింది లేదంటున్నారు. రెండిట్లో ఒకటే తీసుకోగలదు. తప్పు దాన్ని తీసుకుంటే ఇంకో నాలుగేండ్లు దానితోనే కాపురం. అందుకని నేరుగా ఢిల్లీబాబు దగ్గరికే వచ్చి, ఏది తీసుకోమంటావన్నా అని అడిగింది.

దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. ఆ జవాబు ఢిల్లీబాబుకు తెలుసు కూడా. కానీ బల్లల మీద అప్పటికే ధనంజయా, ఇంకో ముగ్గురూ ఉన్నారు. బల్ల చివర ఒక కొత్త మనిషి, అప్పుడే కొండ దిగినట్టున్నాడు, గుండుకు పూసిన గంధం ఇంకా ఆరలేదు, టీ తాగుతున్నాడు. కొత్త చెవులు కనబడితే ఢిల్లీబాబుకు రెండు ముక్కల్లో మాట్లాడటం చేతకాదు.

"కూసో పాపా. ఆ రెండిటికీ పందెం పెట్టిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కడినే ఉండాను," అంటూ మొదలుపెట్టాడు.

మొదట చెప్పింది నమ్మదగ్గదే. ఒక పెండ్లి వీడియో చేయాల్సి వచ్చిందట. ముక్కలన్నీ కోసి, అతికించి, పాటలు పెట్టి, ఆఖర్న మొత్తాన్ని ఒకే వీడియోగా బయటికి తీయడాన్ని రెండరింగ్ అంటారు. పాత కంప్యూటర్‌కు అది మూడు గంటల పని. పదహారు కోర్లది పెడితే నలభై నిమిషాల్లో ముగిసిందట. మస్తాన్ వలి పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ, అది జరిగేదేలే అన్నాడు. జరిగేదేలే అంటే ఢిల్లీబాబుకు ఎక్కడో గుచ్చుకుంటుంది. నలభై నిమిషాలు మొదటి తూరి మాత్రమే, రెండో తూరి మీట నొక్కి, ఇదే బంకులో టీ చెప్పి, ఆ టీ ఆరేలోగా తిరిగిపోయి చూస్తే వీడియో తయారుగా ఉందన్నాడు.

ఎనిమిది కోర్లది తక్కువదేం కాదని భానుశ్రీ వైపు తిరిగాడు. దాంతో కార్ల పందెం ఆడి చూశాడట. జెండా ఊపీ ఊపకముందే తన కారు గీత దాటేసిందట. మిగతా కార్లు ఇంకా బయలుదేరనే లేదు. ఊరికే నిలబడలేక వెనక్కి పోయి, ఎదురొచ్చే వాళ్లందరికీ దారి చూపించి, మళ్లీ వచ్చి మొదటి బహుమతి తీసుకున్నాడట. మలుపు తిరిగాక మలుపు కనబడేదట. జపాన్‌లో కూర్చుని ఆడుతున్న ఒకాయన, మీరు రేపు ఆడాల్సిన పందెం ఈ పొద్దే గెలిచేస్తున్నారు, ఇది న్యాయం కాదు అని ఉత్తరం పెట్టినాడట.

"ఏ బాసలో రాసినాడప్పా?" అని మస్తాన్ వలి అడిగాడు.

"తమిళంలో. మనకు పక్క రాష్ట్రమే గదా, సదువుకుంటానని," అన్నాడు ఢిల్లీబాబు తడుముకోకుండా.

భానుశ్రీ నవ్వు ఆపుకుంది. అడిగిన దానికి జవాబు దొరకలేదుగానీ లేచిపోబుద్ధి కాలేదు. ఢిల్లీబాబు ఆ నవ్వు చూశాడు. ఇక అతని కాళ్లు నేల మీద నిలవలేదు. కథ ఎక్కడ నిజం దాటిందో అతనికి బాగా తెలుసు. నలభై నిమిషాలన్న దగ్గరే దాటింది. అయినా దాటాక ఉండే హాయి వేరు. అక్కడ ఏ మిషనూ చెడిపోదు, ఏ పనీ మిగిలిపోదు, ఎవరూ ఫోన్ చేసి అడగరు.

మళ్లీ పదహారు కోర్ల దాని దగ్గరికి వచ్చాడు. అది కాగడమంటే అలా ఇలా కాగడం కాదట. పెండ్లి మంటపంలోనే కంప్యూటర్ పెట్టుకుని పని చేస్తుంటే, వంటవాళ్ల గ్యాసు అయిపోయి వాళ్లు తెల్లమొహాలు వేస్తే, ప్రాసెసర్ మీద పెనం పెట్టుకోమన్నాడట. రెండు వందల మందికి దోసెలు, అంచులు ఎర్రగా కాలిన దోసెలు దిగినాయట.

"అప్పుడేమయ్యిందో తెల్సునా?" అని ఆగి, ధనంజయ తల పైకెత్తేదాకా ఉండి, కరెంటు సంగతి ఎత్తుకున్నాడు. అతను మీట నొక్కినప్పుడల్లా పాకాల నుంచి పుత్తూరు దాకా దీపాలు మిణుకుమిణుకుమన్నాయట. స్టేషన్‌లో కాట్పాడి పోవాల్సిన బండి కదల్లేక నిలబడిపోయిందట. స్టేషన్ మాస్టర్ స్వయంగా మంటపానికి వచ్చి చేతులు కట్టుకుని, అయ్యా, ఒక పది నిమిషాలు మీ రెండరింగ్ ఆపితే బండి పంపించుకుంటాను అని బతిమాలాడట. పాపం ప్రయాణికులు ఇబ్బంది పడతారని ఢిల్లీబాబు ఆపాడట. ఆ బండి ఆ పొద్దు అరగంట ముందే కాట్పాడి చేరిందట, ఆగిన కరెంటంతా ఒక్కసారి పట్టాల మీదికి వచ్చింది గనుక.

ఆఖరిది అంతకు మించింది. ముందురోజు సాయంత్రం తీసిన దృశ్యాలు మాత్రమే మిషన్‌లో వేసి టీకి పోయాడట. తిరిగొచ్చి చూస్తే ఆ పదహారు కోర్లూ ఉన్న పని ముగించి, ఊరికే కూర్చోలేక, మర్నాడు పొద్దున జరగాల్సిన ముహూర్తం కూడా వీడియో చేసి పెట్టేసినాయట. అందులో పెండ్లికొడుకు మూడో ముడి వేయలేక తంటాలు పడుతున్నాడు. రెండో పంక్తికి సాంబారు చాల్లేదు. మేనమామ ఒకాయన ఆకు మీద కాలేసి జారుతున్నాడు. ఢిల్లీబాబు అందరినీ పిలిచి చూపించాడట. వంటవాడు ఇంకో గుండిగ పొయ్యి మీదికెక్కించాడు. మేనమామకు వేరే తోవ చూపించారు. పెండ్లికొడుకు రెండు గంటలు మంచం కోడుకు ముడులు వేసి నేర్చుకున్నాడు.

"వీడియో ఎప్పుడిస్తావని నన్నెవురూ అడగబల్లేదు. పెండ్లికి ముందరే చేతిలో పెట్టేసినా," అని ఢిల్లీబాబు టీ గ్లాసు ఎత్తాడు.

బల్లల మీద వాళ్లు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. బల్ల చివరి గుండాయన మెల్లగా అడిగాడు.

"ఆ పెండ్లి యాడ జరిగిందన్నా?"

"పాకాలలో. టేసను ఎనకాల మంటపంలో."

"పెండ్లికొడుకు పేరు గుర్తుండాదా?"

ఎంత పెద్ద కోతలోనైనా ఒక్క నిజం పేరు వేస్తే అది గట్టిగా నిలబడుతుందని ఢిల్లీబాబు అనుభవం. నాలుక మీద ఒక పేరు సిద్ధంగానే ఉంది. అంగడిలో సొరుగు తెరిచినప్పుడల్లా ఒక హార్డ్ డిస్కు మీద అంటించిన కాగితంలో కనబడే పేరది.

"మునిచంద్ర," అన్నాడు.

గుండాయన గ్లాసు కింద పెట్టాడు. "నేనే అన్నా మునిచంద్ర. పెండ్లయి మూడేండ్లు దాటిపాయ. ఈ పొద్దు నా కూతురికి కొండ మీద పుట్టెంటికలు తీయించినాను. ఆ వీడియో ఇంకా నా చేతికి రాలేదు."

మీసం లేదు, జుట్టు లేదు, ఒళ్లు వచ్చింది. ఢిల్లీబాబు ఆ మొహాన్ని వెతికి వెతికి, ఆ కండ్లను మాత్రం గుర్తుపట్టాడు. మునిచంద్ర గొంతు పెంచలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని, ఎలాగూ కొండకు వచ్చాం గదా అని, భార్యనూ పాపనూ లాడ్జీలో ఉంచి అంగడి వెతుక్కుంటూ వచ్చానన్నాడు. మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రావడమెందుకని కూర్చున్నాననీ, తన పెండ్లి అంత బాగా జరిగిందని తనకే తెలియదనీ అన్నాడు. దానికి ధనంజయ నవ్వబోయి మానుకున్నాడు.

"నాకు పెండ్లి సూసుకోవాలని గాదన్నా. తలంబ్రాలప్పుడు మా అవ్వ జ్ఞానాంబ పాట పాడింది. పోయినేడు ఆమెకు పక్షవాతమొచ్చి మాట పడిపాయ. ఆ పాట ఇంక యాడా లేదు. నీ కాడే ఉండాది."

ఢిల్లీబాబు తల వంచుకున్నాడు. భానుశ్రీ అడిగింది, "అసలు ఏం జరిగిందన్నా?"

అతను ఆ సంగతి ఎవరికీ చెప్పి ఎరగడు. మొదటిసారి, నేలను చూస్తూ, చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. ముక్కలన్నీ అతికించాక, రెండరింగ్ కోసం పదహారు కోర్ల దాన్ని పాత కంప్యూటర్ పెట్టెలో బిగించాడు. దాని వేడిని లాగేసే పెద్ద కూలర్ పెట్టకుండా, ఉన్న చిన్న ఫ్యానుతోనే సరిపెట్టాడు. ఇరవై నిమిషాలకు అది కాగిపోయి, దానంతటదే ఆగిపోయింది. నాలుగుసార్లు అలాగే ఆగింది. ప్రాసెసరే మంచిది కాదని తీసేసి ఎనిమిది కోర్లది పెట్టాడు. దాంతో నిదానంగానైనా వీడియో వచ్చేదే. కానీ ఎలా నడుస్తుందో చూద్దామని ఒక ఆట మొదలుపెట్టాడు. అది ఎంత బాగా నడిచిందంటే వారం రోజులు ఆటలోనే పోయాయి. ఆ తర్వాత ఫోన్ మోగితే సిగ్గయింది. ఇంకో నెలకు ఎత్తడానికి భయమయింది.

"అదీ నేను పెట్టిన పందెం," అన్నాడు. "నీ మాటకు జవాబు కూడా అందులోనే ఉండాది పాపా. ఆటకు ఒకటి రెండు చేతులు బిరబిరా ఆడితే సాలు, అందుకే చేతులు ఇంకా బిరీన ఆడే ఎనిమిది కోర్లది ఆడ ముందుంటాది. నీ బొమ్మల పని పూలమాల కట్టినట్టు, ఎంత మంది కూసుంటే అంత బిరీన అయితాది. దినమంతా పని, గంట ఆట అంటివి గదా. పదహారు కోర్లది తీసుకో. ఆటలో కొంచెం తగ్గుతాది, నీ కంటికి తెలీదు. కూలర్ మాత్రం పెద్దది పెట్టాల. అది నేను సూసుకుంటా."

భానుశ్రీ అప్పటికప్పుడే కొత్త మిషన్ కట్టేయమంది. అయితే అది చేసే మొదటి పని తన లాడ్జీ గదులది కాదనీ, ఈ అన్న పెండ్లి వీడియో అనీ చెప్పింది.

ఆ పొద్దు గుంకేలోగా ఢిల్లీబాబు మారు మాట లేకుండా మిషన్ కట్టాడు. చేతులు మాత్రమే పని చేశాయి. పెద్ద కూలర్ రెండుసార్లు విప్పి బిగించాడు. సొరుగులోంచి డిస్కు తీసి దుమ్ము తుడిచి, మిషన్‌కు తగిలించి రెండరింగ్ మొదలుపెట్టాడు. మునిచంద్ర భార్య రాజశ్రీ పాపనెత్తుకుని లాడ్జీ నుంచి వచ్చింది. వేడి ఎంతుందో చూపించే అంకె వైపు అందరూ పొయ్యి మీది పాలను చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలు దాటింది. మిషన్ ఆగలేదు. ఢిల్లీబాబు అప్పుడు గానీ స్టూలు మీద కూర్చోలేదు.

తయారైన వీడియోలో తలంబ్రాలు వచ్చేసరికి మునిచంద్ర ఊరికి వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను తెరకు ఎదురుగా పట్టుకున్నాడు. అటువైపు మంచం మీద జ్ఞానాంబ. ఇటువైపు తెర మీద, పట్టు చీరలో, గొంతెత్తి మనవణ్ని ఆటపట్టిస్తూ పాడుతున్న జ్ఞానాంబ. ముసలామె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె బాగున్న చేయి లేచి మంచం పట్టె మీద తాళం వేసింది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. మునిచంద్ర మొహం పక్కకు తిప్పుకున్నాడు. పాప మాత్రం తెర మీద తన కోసం వెతికి, నేనేడ అని అడిగి, జవాబు దొరక్క, మస్తాన్ వలి ఇచ్చిన బిస్కెట్ తినసాగింది.

మర్నాడు నాలుగు గంటలకు బల్లల మీద మళ్లీ అందరూ చేరారు. ముందురోజు సగంలో లాడ్జీకి పోవాల్సి వచ్చిన ధనంజయకు మనసాగలేదు. రెండరింగ్‌కు ఎంతసేపు పట్టిందని అడిగాడు. ఢిల్లీబాబు నోరు తెరిచాడు. అతని కండ్లలో ఒక్క క్షణం పాకాల దీపాలు మిణుకుమన్నట్టున్నాయి. కానీ పక్క బల్ల మీద భానుశ్రీ కూర్చుని ఉంది.

"యాబై రెండు నిమిసాలు," అన్నాడు.

మస్తాన్ వలి టీ వడపోస్తూ తల ఎత్తకుండానే సరిదిద్దాడు.

"మూడేండ్లా యాబై రెండు నిమిసాలని సెప్పప్పా."

బల్లలన్నీ ఊగేలా నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఢిల్లీబాబే.