తొట్టిలో దిగిన మనిషి

పాత బీరు ఫ్యాక్టరీ పడగొట్టి కట్టిన షాపింగ్ కాంప్లెక్సు. దాని కింద, కార్లు నిలిపే చోట, ఊరి పాత సంగతులు చెప్పే గైడు జనాన్ని పైకి పంపించి వెనక్కి తిరిగితే, అరవై దాటిన ఒకావిడ కదలకుండా నిలబడి ఉంది.

"ఇంకోసారి చెప్పండి. ఇందాక అందరూ నవ్వారుగా, నేనూ నవ్వుతాను."

"అయిపోయిందమ్మా ఇవాళ్టికి. అందరూ టీకి వెళ్ళారు. మీరూ వెళ్ళండి."

"టీ ఎవడిక్కావాలి? ఆ తాగుబోతు కథ చెప్పండి. బీరు తొట్టిలో పడి తాగుతూ తాగుతూ పోయాడన్నారే. ఎవడో 'పోతే అలా పోవాలిరా' అన్నాడు. మీరేమో పళ్ళికిలించారు."

"అదేదో సరదాకి... గంటసేపు గోడలూ పునాదులూ అని చెప్తుంటే జనం ఆవలిస్తారమ్మా. మధ్యలో ఒక ముక్క ఇలాంటిది పడాలి."

"ఆ ముక్కకి నా మొగుడే దొరికాడా?"

"...ఎవరు?"

"ఆ తొట్టిలో పోయినాయన. నా మొగుడు."

"అయ్యో... చూడండమ్మా, నేను పేరు చెప్పలేదు."

"చెప్తే బాగుండేది. ఎవరో ఒకరు లేచి, ఆయన చుక్క ముట్టడయ్యా అనేవాళ్ళు."

"బీరు ఫ్యాక్టరీలో పనిచేస్తూ చుక్క ముట్టలేదంటే..."

"అంటే? అను. ఆగావేం?"

"ఏం లేదు."

"స్వీట్ల కొట్లో పనిచేసేవాణ్ణి అడుగు, స్వీటు తింటాడేమో! ఆ పులిసిన వాసన ఒంటినిండా పట్టించుకుని వచ్చేవాడు. రాగానే నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంటే గానీ పిల్లని ముట్టుకునేవాడు కాదు. ఆయన్ని తాగుబోతంటావా?"

"కాస్త మర్యాదగా మాట్లాడండి. నేనేం మీ ఇంటికొచ్చి అనలేదు."

"వీధిలో నిలబడి అన్నావు. అది ఇంటికొచ్చి అనడం కంటే ఎక్కువ."

"చూడండి, ఈ ఊళ్ళో మూడు బీరు ఫ్యాక్టరీలుండేవని ఇవాళ నలుగురికి తెలుస్తోందంటే నావల్ల. ఒకటి బడైపోయింది. ఒకటి బస్సు డిపో అయింది. ఇదేమో ఇలా తగలడింది. పీపాల వీధిని పీపాల వీధి అని ఎందుకంటారో కూడా ఎవరికీ పట్టదు. ఇటుక మిగల్లేదు, కనీసం కథలైనా మిగలాలని తిరుగుతున్నా. మీరొచ్చి ఒక్క మాట పట్టుకుని..."

"ఇటుకలు పోతే పోయాయి. ఉన్న మనిషి పరువు కూడా తీసి అమ్ముకుంటావా?"

"నేనేం అమ్ముకోవడం లేదు!"

"సరే, ఒకటి చెప్పు. ఆయన దిగింది నిండు తొట్టిలోకా, ఖాళీ తొట్టిలోకా?"

"...ఖాళీదే. కడగడానికి."

"ఖాళీ తొట్టిలో ఏం తాగుతాడు?"

"అమ్మా..."

"ఏం తాగుతాడు?"

"సరే, సరే! గ్యాసమ్మా. బార్లీ పులిసినప్పుడు పుడుతుంది. బీరంతా తోడేసినా అడుగున బరువుగా కూర్చుంటుంది, కంటికి కనపడదు. దిగినవాడు రెండోసారి ఊపిరి తీసుకోలేడు. నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఇంతమందిని నవ్వించావా?"

"అది... ఆ సంగతి అంత ఇదిగా చెప్పేది కాదు. దీపం ఆరిపోయినా మనిషిని దింపారని చెప్పుకుంటూ కూర్చుంటే, సరదాగా వచ్చినవాళ్ళు..."

"ఏం ఆరిపోయింది?"

"ఏం లేదు."

"దీపం ఆరిపోయిందన్నావు. ఆరిపోలేదే! దిగే ముందు దీపం దించి చూస్తారు, ఆరితే దిగకూడదు. ఆ మాత్రం నాకూ తెలుసు. ఆ రోజు దీపం నిబ్బరంగా వెలిగింది. 'దిగు బావా' అన్నాకే ఆయన దిగాడు. ఆ తర్వాత ఎక్కణ్ణుంచో గ్యాసు ఒక్కసారిగా కమ్మేసింది."

"బావా? 'దిగు బావా' అని ఎవరన్నారు?"

"మా అన్నయ్య. ఆయనే ఇక్కడ మేస్త్రీ. దీపం దించింది ఆయనే."

"మేస్త్రీ... మీ అన్నయ్యా?"

"ఏం, ఎరుగుదువా?"

"లేదు. అంటే... విన్నాను. అమ్మా, వేళైంది. నాకు పైన పనుంది."

"ఆగు. ఆరిపోయిందని ఎవరు చెప్పారు?"

"ఎవరో పాతవాళ్ళు. గుర్తులేదు."

"పాతవాళ్ళెవరు మిగిలారు? ఆ రోజు తొట్టి దగ్గరున్నవాళ్ళందరూ మట్టిలో కలిసిపోయారు. మా అన్నయ్య ఒక్కడే ఉన్నాడు, అదీ మంచం మీద."

"చూడండి. వచ్చే వారం నుంచి ఆ కథే చెప్పను. మీ కాళ్ళు పట్టుకోమంటారా, పట్టుకుంటాను. ఇక్కడితో వదిలేయండి."

"ఇందాకటిదాకా ఎగిరిపడ్డావు, ఇప్పుడు కాళ్ళెందుకు పట్టుకుంటున్నావు?"

"తప్పు నాది గనక!"

"కాదు. నువ్వేదో దాస్తున్నావు. సరే, నువ్వు చెప్పొద్దు. వచ్చే ఆదివారం మా అన్నయ్యని చక్రాల కుర్చీలో తోసుకొస్తాను. ఇదే చోట, నీ జనం ముందరే చెప్పిస్తాను."

"వద్దు."

"ఏం? నీ బండారం బయటపడుతుందనా?"

"ఆయన్ని తీసుకురావద్దమ్మా. నా మాట వినండి."

"నీ మాట నేనెందుకు వినాలి? అన్నయ్య లేకపోతే నేనూ నా కూతురూ అప్పుడే ఏ నుయ్యో గొయ్యో చూసుకునేవాళ్ళం. ఫ్యాక్టరీవాళ్ళు తాగి పడ్డాడని తేల్చేసి చేతులు దులుపుకుంటే, మమ్మల్ని ఇంట్లో పెట్టుకుని సాకింది ఆయన. అమ్మాయి పెళ్ళి చేసింది ఆయన. ఇవాళ ఆయన కోసం మాట్లాడకపోతే నేను తిన్న ఉప్పుకి..."

"ఆయనే చెప్పాడు!"

"...ఏంటి?"

"తాగి పడ్డాడని నాకు చెప్పింది మీ అన్నయ్యే."

"నోరు ముయ్యి."

"మీ ఇంటికొచ్చాను. మీరు లేరు. చెల్లెలు కూతురి దగ్గరికెళ్ళిందన్నాడు. బీరు ఫ్యాక్టరీ కబుర్లు చెప్పమంటే హుషారుగా చెప్పాడు. అందులో ఇదొకటి. చెబుతూ ఆయనా నవ్వాడు."

"అబద్ధం. మంచం మీద ఉన్నవాడు, మతి తప్పి ఏదో అని ఉంటాడు."

"నేనూ అలాగే అనుకున్నాను. ఖాళీ తొట్టి కదా, తాగడమేంటని మీలాగే అడిగాను. అప్పుడింక నవ్వలేదు. దీపం ఆరిపోయిందన్నాడు. మళ్ళీ వెలిగించి దించితే మళ్ళీ ఆరిపోయిందట. మీ ఆయన దిగనన్నాడట. తొట్టి కడగకపోతే మేనేజరు ఇద్దర్నీ పీకేస్తాడని, పిరికిపంద అని తిట్టి దింపానన్నాడు."

"దిగనన్నాడా ఆయన?"

"అమ్మా, కూర్చోండి. ఆ మెట్టు మీద కూర్చోండి."

"ఫ్యాక్టరీవాళ్ళకి... తాగి పడ్డాడని ఫ్యాక్టరీవాళ్ళకెవరు చెప్పారు?"

"అదడక్కండి."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే. తన మీదికి రాకుండా."

"మరి ఇంత తెలిసీ నువ్వు ఆ మాటే ఎందుకు చెప్పుకు తిరుగుతున్నావు?"

"దీపం సంగతి ఎక్కడా అనొద్దని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మా చెల్లికి తెలిస్తే నాకింత ముద్ద పెట్టే దిక్కుండదు బాబూ అన్నాడు, పోయింది ఆ చెల్లెలి మొగుడేనని మాత్రం అనలేదు. నేను మాటిచ్చాను. తాగి పడ్డాడన్న కథైతే ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను... ఎక్కడికమ్మా? ఈ స్థితిలో ఒక్కరే వెళ్ళకండి. ఆటో పిలుస్తాను, ఆగండి."

"పిలువు. నువ్వూ ఎక్కు. ఆయనకి అన్నం వేళయింది, కంచం చేత్తో పట్టుకునే అడుగుతాను."