అంకె పెరిగింది సారూ

అదేంది సారూ, గట్ల మొఖం పెట్టినవు? రక్త పరీచ్ఛ కాయితం మంచిగ చూడు. తొమ్మిది వేలు! నాకు సదువు రాకున్నా అంకెలెరుకే. తిరుమలగిరి మార్కెట్ల కాంటా కాడ ఊడ్శేదాన్ని, దినాం చూస్తనే ఉంట.

ఎండకాలంల మా ఆయన్ను నీ దగ్గరికి తోల్కొచ్చిన నాడు నాలుగు వేలుండె. కార్జంల గడ్డయింది, క్యాన్సరు అన్నవు. తొడ కాడి నరంలకెల్లి మందు పెట్టినవు, రెండు మాట్లు పెట్టినవు. ఏమాయె? నాలుగు వేలున్నది ఆరు నూర్లకు దిగవడె!

మనిషేమో ఒకటే వాంతులు. వెంట్రుకలన్ని దిండు మీదనే. క్వింటాలు బస్తను వీపు మీదికి తీసుకునే హమాలి సారూ ఆయన, నీళ్ల చెంబు లేపనీకె చాతగాకపాయె. అంకె చూస్తె గట్ల, మనిషి చూస్తె గిట్ల. నీ మందే రక్తం గుంజేస్తాందనుకున్న. మూడో మాటు రమ్మన్న తారీకుకు రాలె. ఎందుకొస్తం?

అట్ల చూడకు. మా బిడ్డ నీళ్లు పోసుకున్నప్పుడు నర్సమ్మ ఇంటికొచ్చి, రక్తం ఏడే ఉన్నది, పదికి రాకుంటె తల్లీ పిల్లా దక్కరని బెదిరిచ్చింది. ఆకుకూరలు, పల్లిపట్టీలు కూసోవెట్టి తినవెట్టిన. పది దాటింది. పండసొంటి పిల్ల పుట్టె. గదీ రక్త పరీచ్ఛనే, గిదీ రక్త పరీచ్ఛనే. నాకేం తెల్వదా?

గందుకే ఇంట్లనే చూసుకున్న. మేక కార్జం, దానిమ్మపండ్లు, జొన్న గటుక. మనిషి మెల్లగ లేశి కూసున్నడు. వెంట్రుకలు మొలిసినయ్. "జానన్నా, నువ్వు లేకుంటె మాకు పొద్దు పోతలేదు" అని తోటి హమాలోళ్లు ఇంటికొచ్చి పిలిస్తె, పోయి చిన్న బస్త ఒకటి మోసొచ్చిండు సుత!

ఈ నడుమ జెర కడుపు ఉబ్బుతాందని వచ్చినం గని, లేకుంటె మళ్ల నీ మొఖం చూస్తుంటిమా? నిన్న రక్తమిచ్చినం. ఇయ్యాల కాయితం చేతికి రాంగనే నేనే సదివిన. తొమ్మిది వేలు! వరండల అందరు చూస్తాంటె ఆయన చెయ్యి పట్టుకొని నవ్విన. ఊరికెల్లి తెచ్చిన సీతాఫలాలు అందరికి పంచుతాండు ఆయన.

అద్దాలు తీశి బల్ల మీద పెడితివేంది సారూ? నీ మందు లేకుంటనే పెరిగిందని కోపమా?

ఏందీ?

గది రక్తం బలం కాదా? మరేంది? గడ్డ నుంచి వచ్చేదా? గడ్డ సస్తాంటె తగ్గుతదా, పెరుగుతాంటె పెరుగుతదా?

ఆగు సారూ. జెర ఆగు. మెల్లగ జెప్పు.

అంటె... ఆరు నూర్లకు దిగిన నాడు, మందు పని చేసిందా?

మరి గప్పుడు జెప్పద్దా! జెప్పిన్నంటవా? ఏం జెప్పినవు? "మంచిగ తగ్గింది, మళ్ల నెలకు రాండ్రి" అన్నవు. నడుసుకుంటనే అన్నవు. తగ్గిందన్నదే ఇనవడ్డది నాకు. మంచిగ అన్న మాట ఎవలు నమ్ముతరు? మా మామ పానం పోయే నాడు సుత డాక్టరు మంచిగనే ఉన్నదన్నడు. అందరితోని అనే మాటే అనుకున్న.

అడగాల్నా? ఎట్ల అడగాలె సారూ? ఎనకకెల్లి జనం నూకుతుండ్రి, ముంగట నీ బంట్రోతు జరుగు జరుగు అనవట్టె.

మా ఇంట్ల తగ్గితె మంచిదైనది ఒక్కటి చూపియ్యి. బాయిల నీళ్లు తగ్గితె ఏడుపే. గుమ్మిల వడ్లు తగ్గితె ఏడుపే. జెరమొక్కటి తగ్గాలె, అదెరుక. ఎన్నడన్న ఏదన్న పెరిగిందంటె మాకు పండుగ. తగ్గుడు సుత పండుగేనని మాకెవలు నేర్పిండ్రు?

ఆయనొస్తనన్నడు సారూ! నువ్వు రమ్మన్న తారీకు నాడు అంగి తొడుక్కున్నడు, సంచి సంకకేసుకున్నడు. నేనే దర్వాజకు అడ్డం నిలవడ్డ. "మళ్ల ఆ మందుకు తోలి నిన్ను సంపుకోను" అన్న. నా మాట ఇని అంగి విప్పి దండెం మీద ఏశిండు.

ఇప్పుడు పెట్టు ఆ మందు. ఈ గడియనే పెట్టు. ఎన్ని మాట్లన్న పెట్టు, వాంతులు నేను ఎత్తిపోస్త. నీ కాల్మొక్త సారూ.

తల అట్ల అడ్డంగ ఊపకు.

పొద్దుగాల తీశిన స్కానింగుల కనవడ్డదా? గడ్డ కార్జంల రెండు దిక్కులా పాకిందా? కడుపుల ఉన్నది నీళ్లా? గ్యాసనుకుంటి నేను. కండ్లు పచ్చగున్నయంటె నిద్ర సాలకనే అనుకుంటి.

ఇగ మందు తట్టుకోలేడంటవు.

నేను తినవెట్టిందంత గడ్డకే పోయిందా సారూ? కాదా? నిజమే జెప్పు, నా కోసమని అబద్ధమాడకు. సరే... కాదంటవు. కాదనే అనుకుంట.

వద్దు, ఆయన్ను లోపటికి పిలవకు. జెప్పాలె, ఎరుకే. నేనే జెప్త. ఇయ్యాల మాత్రం వద్దు. బయట ఎవలతోనో నవ్వుకుంట మాట్లాడుతాండు, ఇనవడుతలేదా?

నేను పోంగనే అడుగుతడు, సారు ఏమన్నడే అని. ఏమంట? శాన పెరిగిందన్నడని జెప్త. అబద్ధమైతె కాదు గద సారూ.