తిరుమల్ మిషన్‌కు ఒక్కటే స్విచ్

మెట్టుగూడల ఒక ఫ్లాటు. హాల్ మూలకు పాత వీడియో గేమ్ మిషన్, ఎనక తలుపు తీసి ఉంది.

"రెండెందుకు పెట్టిండ్రో నాకేం తెల్సు సార్? ఒకటి తెర స్విచ్. ఇంకొకటి గేమ్ బోర్డుది. బోర్డుది ఎన్నడూ ఆపినట్టు లేదు. దుమ్ము చూడుండ్రి, వేలిముద్ర సుత లేదు."

"ఆ రెండూ తీసెయ్, యేసురాజు. బయట ఒక్కటే స్విచ్ పెట్టు. ఒక్కసారి నొక్కితే అన్నీ ఆన్, మళ్ళ నొక్కితే అన్నీ ఆఫ్."

"అన్నీ అంటే తెర, సౌండు, పైన లైటు..."

"అన్నీ అంటే అన్నీ. బోర్డు సుత."

"బోర్డు ఆపితే స్కోర్లన్నీ పోతయి మధుసూదన్ సార్. పాతకాలంది ఇది. కరెంట్ ఉన్నంతసేపే యాదికుంటది. అందుకే ఎవరో పెద్దమనిషి రెండు పెట్టిండు. తెర ఆపుకోవాలె, బోర్డు మాత్రం నడుస్తనే ఉండాలె. ఇన్వర్టర్ లైన్ సుత ఇచ్చిండు. మస్తు దిమాగ్ ఉన్నోడు."

"పెద్దమనిషి గాదు, మా బామ్మర్ది. తిరుమల్. సీతాఫల్‌మండిల వీడియో గేమ్స్ షాపు ఉండె. షాపు బందైనంక ఈ డబ్బా తెచ్చి నా నెత్తిన పెట్టిండు."

"ఆయనను ఒక మాట అడగకపోయిండ్రా?"

"చచ్చి పదకొండు నెలలైతంది. నువ్వు పొయ్యి అడిగొస్తవా?"

"అయ్యో..."

"అయ్యో లేదు గియ్యో లేదు. వైర్ పట్టు."

"ఇందాక తెర మీద చూసిన సార్. అన్నిట్లకంటే పైన ఆయనదే పేరు. టీ, ఆర్, ఎమ్. కింద రెండోది ఎవరిది?"

"నాది."

"వారెవ్వా! రెండో నంబర్ అంటే మాటలా సార్?"

"నోర్ముయ్."

"నేనేమన్న సార్, మంచిగనే..."

"పన్నెండేండ్లు ఆడిన. ఆఫీసుకెల్లి వచ్చి, చాయ్ సుత తాగకుండ. వాడు చుట్టాలందరి ముందు 'మా బావ రెండో నంబర్' అని చెప్పేటోడు, నవ్వుకుంట. వాడు పోయినంక సుత పదకొండు నెలలు ఆడిన. ఇంకా రెండో నంబరే. సచ్చినోడు సుత నా మీదనే కూసున్నడు."

"మరి అక్కకు చెప్పిండ్రా?"

"దానికి దినాం పొద్దుగాల చాయ్ తాగుకుంట ఆ మూడక్షరాలు చూడాలె. వచ్చే నెల సంవత్సరీకం. ఫోటోకు దండ, పక్కన ఈ మిషన్, అందరికీ తమ్ముని పేరు చూపిస్తదట. చూపియ్యనీ."

"వద్దు సార్. చిన్న బ్యాటరీ తెచ్చి కలుపుత. ఒక్క స్విచ్ మీరనుకున్నట్టే అయితది, పేరు సుత ఉంటది."

"బ్యాటరీ పెట్టినని చెప్పు. పెట్టకు."

"సార్!"

"మా అపార్ట్‌మెంట్ల మోటర్లు, లిఫ్టు, మెట్ల లైట్లు... మొత్తం పని ఎవరికియ్యాలె అని ఆదివారం మీటింగ్. ప్రెసిడెంట్ ఎవరు?"

"మీరే సార్."

"మరి?"

"...ఒక్క స్విచ్ పెడుత సార్."

"గట్ల రా. ఇంకోటి. బోర్డు నడుస్తుండంగనే కలపాలె. ఇప్పుడే ఆపకు. ఆపేటోళ్ళు వేరే ఉన్నరు."

"ఎవరు సార్?"

"నీకెందుకు?"

"పక్కకెల్లి ఇంకో లైన్ ఇచ్చి చేస్త... సార్, ఇక్కడ ఇంకొకటి ఉంది. పైసలేసే డబ్బా ఎనక. గోరంత ఉంది."

"మూడో స్విచ్చా? దేనిది?"

"కరెంట్‌ది గాదు. సన్న వైర్ ఒకటి బోర్డు లోపలికి పోతంది. కిందికి దించి ఉంది. దీని మీద దుమ్మే లేదు సార్, దినాం ఎవరో ముడుతున్నట్టుంది."

"కరెంట్‌ది గాకుంటే వదిలెయ్. టైం ఖరాబ్ చెయ్యకు. అయిందా?"

"అయింది సార్. బిగిచ్చిన. కానీ నా చేతులతోని నేను నొక్కను. మీరే..."

"నేను సుత నొక్కను. రజితా! ఓ రజితా!"

"ఏందండి? చేతులకు పిండి ఉంది."

"కడుక్కొని రా. నీ తమ్ముని మిషన్‌కు కొత్త స్విచ్ పెట్టిచ్చిన. నీ చేతుల మీదుగ షురూ గావాలె."

"పాతయి ఏమైనయి? బోర్డుది ముట్టొద్దన్నడు గద తిరుమల్. ముడితే పేరు పోతదన్నడు."

"అందుకే ఈనను పిలిచిన. బ్యాటరీ పెట్టిండు. ఇగ కరెంట్ పోయినా పేరు పోదు. సంవత్సరీకం నాడు ఇంటి నిండ మంది. ఎవరన్న తెల్వక వైర్ గుంజితే? నీ కోసమే ఈ తక్లీఫ్ అంత."

"నా కోసమా?"

"మరెవరి కోసం?"

"యేసురాజన్నా, నిజంగ బ్యాటరీ పెట్టినవా?"

"అక్కా, అది..."

"చెప్పు యేసురాజు. ఆదివారం మళ్ళ కలుస్తం గద."

"నువ్వు చర్చికి పోయేటోనివన్నా. నీ మాట నమ్ముత. పేరు ఉంటదా?"

"...ఉంటది అక్కా."

"నా దిక్కు చూసి చెప్పు."

"ఉంటది. నొక్కుండ్రి."

"ఈ ఎర్రదేనా?"

"అదే. నొక్కు, నొక్కు."

"నొక్కిన... అమ్మా, పైన లైటు సుత పోయింది. ఇంత చీకటిగ దీన్ని ఎన్నడూ చూడలే."

"మళ్ళ నొక్కు."

"వస్తంది... వస్తంది... ఏమండి, పేరేది?"

"ఏ పేరు?"

"తిరుమల్ పేరు! అన్నీ సున్నాలే ఉన్నయి. అన్నా, సున్నాలెందుకున్నయి? కిందికి చూస్తవేంది అన్నా?"

"అక్కా, మాఫ్ చెయ్యి అక్కా..."

"ఆయననేమంటవ్? నొక్కిందెవరు? నీ వేలే గద. నీ తమ్మున్ని నువ్వే తుడిచినవ్. చుట్టాలొస్తే గదే చెప్పు."

"తెలిసే చేపిచ్చిండ్రు."

"ఏడ్వకు. కూసొని చూడు. ఒక్క గంటల్నే మొదటి పేరు నాది ఉంటది."

"బ్యాటరీ పెట్టలే గదా అన్నా?"

"పెట్టలే అక్కా."

"సరే. ఒక్క పని చేసి పో. పైసలేసే డబ్బా ఎనక చిన్న స్విచ్ ఉంటది."

"చూసిన అక్కా. కిందికి దించి ఉంది."

"రజితా, ఏందది?"

"షాపుల చిన్న పిల్లలొస్తే తిరుమల్ దాన్ని దించేటోడు. దించితే ఆటల మీదికొచ్చే విమానాలు మెల్లగ వస్తయి. పిల్లలు తొందరగ సావరు, ఏడ్వరు."

"అయితే?"

"ఈడికి తెచ్చినంక మీ కోసం సుత దించేటోడు, తను ఆడేటప్పుడే పైకి లేపేటోడు. 'ఓడిపోయిననాడు బావ చెయ్యి నీ మీద లేస్తది అక్కా' అనేటోడు. వాడు పోయినంక మీరు ఆఫీసుకెల్లి రాకముందే దించి ఉందో లేదో దినాం నేను ముట్టి చూస్తున్న."

"అబద్ధం."

"పన్నెండేండ్లు పిల్లల ఆట ఆడిండ్రు. గట్లాడి, రెండో నంబర్."

"అబద్ధం చెప్తున్నవ్! యేసురాజు, అబద్ధమే గదా?"

"నాకేం తెల్సు సార్... దాని మీద దుమ్ము మాత్రం లేదు."

"పైకి లేపు అన్నా. ఇగ ఈ ఇంట్ల దాన్ని దించేటోళ్ళు లేరు."