ప్రార్థన కింద వాయించేవాడు

ఆదివారం ఆరాధన ముగిసి హాలు ఖాళీ అయింది. పాటలు నడిపించే అల్లుడు ఇంకా కీబోర్డు స్విచ్చి ఆపకుండా దాని ముందే కూర్చున్నాడు. పాస్టరుగారైన మామగారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మామయ్యా, వచ్చే వారం నుంచి నేను పాడను."

"గొంతు పట్టేసిందా?"

"గొంతు బానే ఉంది. చేతులెత్తి పాడండని అందరికీ చెప్తున్నాను గానీ, నాకే ఏమీ అనిపించట్లేదు. ఏడాదైంది."

"మా అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. ముందు మీకే చెప్తున్నా."

"మంచి పని చేశావు. ఇక్కడితో వదిలెయ్. ఇవాళ నీ పాటకి వెనక వరసలో ముసలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది, చూశావా?"

"చూశాను. చూసే ఆ చరణం మళ్లీ ఎత్తుకున్నాను. ఎక్కడ ఏడుస్తారో నాకు తెలిసిపోయింది మామయ్యా. అదే భయమేస్తోంది. నన్ను వదిలెయ్యండి."

"వదలడానికి నేనెవర్ని బాబూ? దేవుణ్ణే అడుగుదాం. కళ్లు మూసుకో. తండ్రీ, ఈ బిడ్డ ఊపిరున్నంతకాలం నీ సన్నిధిలోనే పాడేలా..."

ఆ మాటల కింద నేపథ్యంగా మెల్లగా సంగీతం మొదలైంది. అల్లుడు ఉలిక్కిపడి చూసుకున్నాడు. పదేళ్లుగా ప్రతి ప్రార్థన కిందా వాయించిన తన వేళ్లే, అడక్కుండానే కీబోర్డు మెట్ల మీద కదులుతున్నాయి.

"కొంచెం సౌండు పెంచు బాబూ," అన్నారు మామగారు, కళ్లు తెరవకుండానే.