అరవైతో భాగించారా?

నా ఈ వీడ్కోలు సభలో అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మేనేజరుగారికి, నాకు పని నేర్పిన పెద్దలకు, నా చాదస్తాన్ని ఇన్నేళ్లు భరించిన మిత్రులకు, ముందు వరుసలోంచి "త్వరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా నన్ను "అరవైగారు" అనే పిలిచారు. ఈరోజుతో వయసు కూడా అరవై నిండింది కాబట్టి పేరు సార్థకమైందనుకుందాం. మన యంత్రాల మీద వేగం నిమిషానికి ఇన్ని చుట్లని రాసి ఉంటుంది, నా చేతిలోని కంపనాల మీటరేమో సెకనుకు ఇన్నిసార్లని హెర్ట్జ్‌లలో చూపిస్తుంది, అందుకని చుట్లను అరవైతో భాగించాకే రెండింటినీ పోల్చాలని కనబడ్డవాళ్లందరికీ నూరిపోశాను. ఇంట్లోనూ అంతే. మా ఆవిడ నాడి చూసి డాక్టరుగారు "నిమిషానికి డెబ్బై రెండు" అంటే, "అంటే ఒకటీ పాయింటు రెండు హెర్ట్జ్" అన్నాను. "ఆవిడ బాగానే ఉన్నారు, మిమ్మల్నే చూడాలి" అన్నారాయన. (నవ్వులు)

ఈ పట్టింపు చూసి నన్ను జాగ్రత్తపరుడని పొగిడారు. అదే నాకు మింగుడుపడటం లేదు.

ఇరవై రెండేళ్ల కిందట మన మూడో నంబరు పెద్ద ఫ్యాను వణకడం మొదలుపెట్టింది. మీటరు పెట్టాను. ఇరవై ఐదు దగ్గర గీత నిటారుగా లేచింది. ఫ్యాను తిరిగేది పదిహేను వందలు. రెండింటికీ పొంతన లేదు కాబట్టి తప్పు ఫ్యానుది కాదు, బేరింగు బిగించిన మనిషిదని రిపోర్టు రాసి పారేశాను. బిగించింది ఎవరో కాదు, అదిగో, తలుపు పక్కన కూర్చున్న మన ఫిట్టరు అన్నయ్య. వారం తిరక్కుండా ఆయన్ని స్టోరుకు మార్చారు. అంత పనిమంతుడికి నట్ల డబ్బాలకు చీటీలు అంటించే పని ఇచ్చారు.

వెళ్లేముందు ఆయన ఫ్యాను విప్పి, రెక్కలకు ఓ పక్కన పట్టిన మడ్డి గీకేశారు. వణుకు ఆగిపోయింది. నన్ను పక్కకు పిలిచి, "తమ్ముడూ, నీ ఇరవై ఐదు నిమిషానికా, సెకనుకా?" అని అడిగారు. అప్పుడు లెక్క వేసి చూశాను. ఇరవై ఐదును అరవైతో హెచ్చిస్తే సరిగ్గా పదిహేను వందలు. వణికింది ఫ్యానే. ఆయన ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, నేనూ అనలేదు. ఆయనది మంచితనం, నాది పిరికితనం. రిటైరయ్యేదాకా ఆయన స్టోరులోనే ఉండిపోయారు, నేను మాత్రం ఆయన అడిగిన ప్రశ్నను అందరినీ అడుగుతూ పేరు తెచ్చుకున్నాను.

(తలుపు వైపు తిరిగి) అన్నయ్యా, వద్దని తల ఊపకండి, ఈరోజు నేను ఆగను. నా గుండె ఇప్పుడు రెండు హెర్ట్జ్‌లకు తగ్గకుండా కొట్టుకుంటోంది. నిమిషానికి ఎన్నో మీరే హెచ్చించుకోండి.

మేనేజరుగారూ, మీ ముందున్న కవరులో ఆ రిపోర్టు దిద్ది, సంతకం పెట్టి ఉంచాను. ఫైల్లో పెట్టించండి. అంతకన్నా ముందు అందరికీ వినిపిస్తాను: "కంపనం ఇరవై ఐదు హెర్ట్జ్, అంటే నిమిషానికి పదిహేను వందలు. లోపం ఫ్యాను రెక్కలది. బేరింగు బిగింపు సక్రమంగా ఉంది."

ఓపికగా విన్నారు, మీ అందరికీ రుణపడి ఉంటాను. చప్పట్లు కొట్టాలనిపిస్తే మాత్రం తలుపు వైపు తిరిగి కొట్టండి.

సెలవు.